దగ్గుకు యాస లేదు

సర్కారోళ్లు ఇచ్చిన ఫోన్ల ఒక డాక్టరుంటడు.
ఆయనకు పేరు లేదు, చెప్పులు లేవు.
గొంతు మాత్రం ఆడపిల్లది,
టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడుతది.

"మీకు ఛాతీలో అసౌకర్యంగా ఉందా?"
కోరుట్ల బీడీ కార్ఖానా ఎనుక గల్లీల
గాజెంగి బుచ్చవ్వను అడిగింది.
బుచ్చవ్వ చాట మీదికెల్లి తల ఎత్తలే.
"ఏమంటందే ఇది?"
"పానం ఎట్లుందని అడుగుతంది, అత్తా."

అప్పుడు చెప్పింది:
ఎదల గుంజుతంది. రెక్కల సందున సలుపుతంది.
పొద్దుమూకంగ ఒళ్లు కాగుతది,
తెల్లారంగ చెమటకు చీర పిండాలె.
బువ్వ నోట్లె మట్టి లెక్క. కాళ్లు బెండు లెక్క.
నా పానం నాకు ఆగుతలేదు.

ఫోను తెల్లటి సున్న లెక్క తిరిగి తిరిగి
"క్షమించండి, మళ్లీ చెప్పండి" అన్నది.
మళ్ల చెప్పింది.
"క్షమించండి."
మూడోసారికి బుచ్చవ్వ నవ్వింది:
"పాపం, చెవుడేమో దీనికి."

డబ్బలు నేనే నింపిన.
గుంజుడుకు డబ్బ లేదు, నొప్పి అని కొట్టిన.
సలుపుకు లేదు, అదీ నొప్పే.
పదకొండేండ్ల సంది గీ గల్లీలల్ల తిరుగుతున్న ఆశ వర్కర్‌ను,
గుంజుడు వేరు, పోటు వేరు,
సుర్రుమనుడు వేరని నాకెరుకే.
అన్నిటిని ఒక్క డబ్బల కుక్కుతాంటే
అంగట్ల కోళ్లను గంపల కుక్కినట్టే అయింది.

ఆఖరుకు "దగ్గండి" అన్నది.
గా ఒక్క మాట బుచ్చవ్వకు సమజైంది.
నలభై ఏండ్ల తంబాకు దుమ్ము
లోపల్నుంచి లేచి
చాటల తునికాకు ఎగిరేటట్టు దగ్గింది.

ఆ దగ్గు నేను రెండేండ్ల సంది ఇంటున్న.
బీడీలు చేసేటోళ్ల దగ్గు గింతే గదా అనుకున్న.
మా అమ్మ గట్లనే దగ్గేది.
మా ఇండ్లల్ల దగ్గంటే గోడ గడియారం,
కొట్టుకుంటనే ఉంటది, ఎవలింటరు?

అది ఇన్నది.
ఎర్ర గీత చూపిచ్చింది.
దగ్గుకు యాస లేదు.

జగిత్యాల పోయినం. తెమడ ఇచ్చినం, ఫోటో తీసిండ్రు.
టీబీనే. ఆర్నెల్ల గోలీలు.
ఆ రాత్రి పొయ్యి కాడ కూసొని
నేను గూడ ఫోన్లకు దగ్గి చూసిన. పచ్చ గీత.
మళ్ల దగ్గిన. పచ్చనే.
కోపం ఫోను మీదనో, నా చెవుల మీదనో
ఇప్పటికీ తేల్చుకోలే.

మూడో నెల
గోలీ నాలిక మీద పెట్టి ఫోటో దిగుడు నేర్చింది బుచ్చవ్వ.
ఫోను "అభినందనలు" అన్నది.
నాకు తంబాకు డబ్బల దొరికినయి, తొమ్మిది గోలీలు.
"మింగితే కడుపుల తిప్పుతంది బిడ్డా,
బీడీలు ఎన్కకు వడుతున్నయి" అన్నది.
ఆ దినం సంది పొద్దుగాల్ల
ఒక ఇడ్లి పొట్లం నా సంచిల.
దాని పైసలు రాసుకోను ఏ డబ్బ లేదు.

మొన్న రాత్రికి రాత్రి ఫోను కొత్తగైంది.
నొప్పి కింద కొత్త మాటలు:
సలుపు. తిమ్మిరి.
గుంజుడు.
గల్లీ కొసదాక ఉరికిన.
"అత్తా, నీ మాట ఫోన్ల వడ్డది!"

ఇప్పుడు జరంత ఒళ్లు చేసింది బుచ్చవ్వ.
బీడీకి దారం సుట్టుకుంట,
తల ఎత్తకుంటనే అడిగింది:
"మరి వెయ్యికి ఎంతిస్తరట?"