తొమ్మిదో పలక

సముద్రం రెండు నిలువుల లోతు దిగిపోయింది.
దల్కావె రేవులో పడవలన్నీ
బురదలో పక్కకు ఒరిగి
పొట్టలు చూపిస్తూ పడుకున్నాయి.
నా పని ఇప్పుడే:
ఒక చెవి, ఒక సుత్తి, బొటనవేలంత కత్తి.
నీళ్లు తిరిగొచ్చేలోపు చెప్పాలి
కొనొచ్చో, కూడదో.

బౌదీలియా వచ్చింది, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు.
ఇరవై రెండేళ్లు పరాయి పడవల్లో
నాచు ఏరిన చేతులు.
కోటు లోపలి జేబులో బ్యాంకు కాగితం,
దాని మడతలో
ప్వెర్తో మోంత్ దుకాణంవాడిచ్చిన రంగుల బొమ్మ:
తెల్లటి ఫైబరు పడవ, ఐదేళ్ల గ్యారంటీ,
మీద నవ్వుతున్న ఒక కుటుంబం.
ఒక్కరి గోళ్లలోనూ మట్టి లేదు.

"కొత్తదైతే పదేళ్లు బ్యాంకుకు కడతాను,
పాతదైతే పదేళ్లు పడవకే కడతాను.
ఏది నయం?"

నేను జవాబు చెప్పను. సుత్తితో అడుగుతాను.

టంగ్.
సైప్రస్ చెక్క, బాగా కాలిన కుండలా మోగింది.
టంగ్. టంగ్.
అతుకుల్లో అలెర్సె నార
ఎవరో ఓపికగా కుక్కారు, ఏటేటా.
ఇంజన్ ముసలిదే, దగ్గు లేదు.
టంగ్. టంగ్.
తొమ్మిదో పలక దగ్గర
డబ్.
తడిసిన డప్పు.

నేను తల ఎత్తకముందే
ఎలెయుతేరియో అన్నాడు, పడవ తనదే:
"అక్కడే. గ్రహణం నాటి రాత్రి
కైలిన్ దగ్గర రాతికి కొట్టాను.
రాయిది తప్పు కాదు. తాగి ఉన్నాను.
మా ఆవిడ ఉన్ని శాలువా చిల్లులో కుక్కి
తెల్లారేదాకా నీళ్లు తోడింది.
ఆ తర్వాత తాగలేదు.
పైన అతుకు వేశాను గానీ
పలక మాత్రం మార్చలేదు."
"ఎందుకు?"
"మరిచిపోతానేమోనని."

బౌదీలియా బొమ్మ తీసి చూసింది.
ఆ తెల్ల పడవకు
ఇంకా ఏ రాయీ పరిచయం లేదు.
ఎక్కడ విరుగుతుందో అది దాచడం లేదు,
దానికే తెలియదు.
కొత్తొక వింత, సరే.
పాతొక రోత అన్నవాడు మాత్రం
ఎప్పుడూ సుత్తి పట్టి ఉండడు.

చాలాసేపు గాలే మాట్లాడింది.
"రెండు లక్షల పెసోలు తగ్గించు.
ఆ పలక తీయించేస్తాను," అంది.
ముసలాయన మోకాలు పట్టుకుని వంగి
చెక్కను అరచేత్తో ఒత్తి చూశాడు,
జ్వరం ఉందేమో అన్నట్టు.
"మూడు తగ్గిస్తాను. తీసిన పలక నాకివ్వు."
"దేనికి?"
"పొయ్యిలోకి."
మా ఇద్దరిలో ఎవరమూ నమ్మలేదు.

అప్పటికే నీళ్లు బూట్లను నాకుతున్నాయి.
బౌదీలియా ఆ బొమ్మను చించలేదు,
నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులోనే దాచుకుంది.
కొన్నవాళ్లంతా అంతే,
కొననిదాన్ని కొన్నాళ్లు మోస్తారు.

నాకు కూలి
అర బస్తా ఊదారంగు బంగాళాదుంపలు.
భుజాన వేసుకుని గట్టెక్కుతుంటే
వెనక
కిర్రుమని, ఒళ్లు విరుచుకుని,
పడవ లేచిన చప్పుడు.