ఇరవై నాలుగు అడుగులు

లాలాగూడల మా రైల్వే క్వార్టర్
ఈ గోడ నుంచి ఆ గోడకు పద్నాలుగు అడుగులు.
నేను కాపలా కాసింది ఇరవై నాలుగు.
ఇంటికంటె పెద్ద వాకిలి.
తలుపు లేదు దానికి,
నేనే.

జింఖానాల గడ్డి అంతట మొలుస్తది
గోల్ ముంగట తప్ప.
పదకొండేండ్లు అక్కడ మొలవనియ్యనిది నా కాళ్ళే.
బి డివిజన్. వానొస్తె నా గుంటే ముందు నిండుతది,
పదిమందికి మ్యాచ్, నాకు ఈత.

గౌస్ సాబ్ అంటుండె,
"బాల్ చూడకు బేటా, భుజం చూడు.
కాలు అబద్ధం ఆడుతది. భుజానికి రాదు."
పాన్ నములుకుంట ప్రతి రంజాన్‌కు ఇంకోటి గూడ అంటుండె,
"వచ్చే సీజన్ మనం ఏ డివిజన్‌ల."
ఆయన భుజం దిక్కు నేనెప్పుడూ చూడలే.

పెండ్లినాడు ఉంగరం కణుపు దాటలే.
రెండుసార్లు విరిగి అతుక్కున్న వేలు మరి.
సువార్త మెల్లగ "సబ్బు తెండ్రి" అన్నది,
పాస్టర్ ప్రార్థన ఆపి నవ్విండు.

ఒక్కసారి పేపర్‌ల పడ్డది నా పేరు.
ఆఖరి పేజీ, అడుగున, టెండర్ నోటీసు పక్కన:
పెనాల్టీ ఆపిన గోల్‌కీపర్ ఇలియాస్.
నేను ఏలియాను.
అమ్మ దాన్నే కత్తిరించి బైబిల్‌ల పెట్టుకున్నది,
"పేరు తప్పయితేంది, ఆపింది నువ్వే గదా" అని.

ఇగ ఆ ఆదివారం.
పోస్టల్ టీముకు గోలీ కావాలెనని
సెలెక్టర్ సాబ్ గొడుగు పట్టుకొని వచ్చిండు, నా కోసమే.
ఆయనకు కుర్చీ వేసింది గౌస్ సాబ్,
చాయ్ తెచ్చింది మా తమ్ముడు.
తొంభై నిమిషాలు
ఒక్క బాల్ నా దిక్కు రాలే.
రాజమల్లు, ఖదీర్, ఆ లావుపాటి డేవిడ్ గూడ
జన్మల ఆడనంత మంచిగ ఆడిండ్రు.
ఒక్కడన్న జారిపడరాదా అని మొక్కిన
నా టీమోళ్ళ గురించే.
నాలుగు సున్నాతోని గెలిచినం.
నన్ను గూడ ఎత్తుకొని ఎగిరిండ్రు.
సెలెక్టర్ రాజమల్లు పేరు రాసుకొని పోయిండు.
ఆ రాత్రి గ్లోవ్స్ ఉతుకుదామని బకెట్‌ల వేస్తే
నీళ్ళు తెల్లగనే ఉన్నయి.

ఇప్పుడు నేను కిరాయి గోలీని.
కొండాపూర్‌ల ఆరో అంతస్తు మీద ప్లాస్టిక్ గడ్డి,
చుట్టూ నెట్టు, ఆకాశానికి గూడ నెట్టు.
గంటకు మూడొందలు, ఫోన్‌ల పడతయి.
గోల్ పన్నెండు అడుగులే,
మా ఇంటికంటె చిన్నది.
ఆఫీసు పిల్లలు మంచోళ్ళే, నీళ్ళ బాటిల్ ఇస్తరు,
నా వయసు అడిగి "అరె!" అంటరు.
మొన్న ఒకడు పక్కకు పిలిచి
"అన్నా, అన్నీ ఆపితె మజా ఉండదు,
మా కార్తికేయ్‌కు ఇయ్యాల బర్త్‌డే,
ఒక్కటి ఇడిచిపెట్టు" అన్నడు.

కార్తికేయ్ ఉరికొచ్చిండు, అద్దాలు జారుతున్నయి.
కాలు కుడికన్నది.
భుజం ఎడమకన్నది, సాఫ్ సాఫ్.
నేను కుడికి దూకిన.
దూకుడు మాత్రం ఉత్తుత్తిగ దూకలే,
వేళ్ళ చివరల దాక సాపిన,
గౌస్ సాబ్ చూస్తుండన్నట్టె.

వెనక కేకలు, కేకు, ఎవడో పాట పెట్టిండు.
మోచెయ్యి దోక్కపోయింది.
మట్టి గీసుకుంటె ఇంత మండదు.