ఎల్లమ్మ సాని కర్ర

మా వంటింట్ల ఒక కర్ర ఉన్నది.
తెడ్డు కాదు, కవ్వం కాదు.
జానెడుకు ఎక్కువ, మూరెడుకు తక్కువ.
కొసన ముండ్లపువ్వు చెక్కి ఉంటది,
బ్రహ్మదండి పువ్వు అనేది మా నాయనమ్మ.
ఏ చెట్టు కట్టెనో
అల్వాల్ అడితీల కూడ ఎవ్వరూ చెప్పలేదు.

బొల్లారం గుర్రాల పటాలంల
నాడాలు కొట్టిన సార్జంటు పెండ్లాం తెచ్చిందట.
కాగితం మీద ఆమె ఎల్‌స్పెత్,
మనోళ్ల నోట్లె పడి ఎల్లమ్మ సాని.
పటాలం ఇడిచినంక ఆ మొగడు
లోతుకుంట దిక్కు నాలుగెకరాలు కౌలుకు పట్టిండు.
ఆరు బర్రెలు, రెండావులు,
లష్కరుకు వెన్న.

నాయనమ్మకు నాయనమ్మ, మా పోశవ్వ,
రెండు హాలీ రూపాయల నెలకు పాలు పిండ కుదిరింది.
మొదటినాడే దొరసాని పీట గుంజుకున్నది.
నీకు చేతగాదమ్మా అనబోయేలోపల
నుదురు ఆవు డొక్కకు ఆనించి
కండ్లు మూసుకొని
చెంబుల నురుగు పొంగేటట్టు పిండుతున్నది.
ఆ అరచేతుల కాయలు చూసి
పోశవ్వ నోరు మూసుకున్నది.

తర్వాత తర్వాత
సగం సైగల, సగం లష్కరు ఉర్దూల తెలిసింది:
పన్నెండేండ్లకే జీతముందట
పరాయోళ్ల కొట్టంల.
ఆరునెలలకోసారి అంగడిల నిలబడితే
రైతులు జబ్బల దిక్కు చూసి మాట్లాడేటోళ్లు,
చేతిల ఒక బిళ్ల పెడితే బేరం కుదిరినట్టు.
మూట గట్టుకొని ఇంకో ఊరు.
అటుక మీద పడక, కింద గొడ్ల ఆవిరి.
పొయ్యిలకు కట్టె లేదు, పిడక లేదు,
బురద నేలను ఇటికెల్లెక్క కోసి
ఎండబెట్టి కాల్చేటోళ్లట.
మట్టెక్కడన్న మండుతదా!
పోశవ్వ చచ్చేదాకా నమ్మలేదు.

మా దగ్గర జీతగాళ్లు ఉగాదికి మారుతరు, అన్నదట ఒకనాడు.
ఎంత అర్థమయిందో ఏమో,
దొరసాని శానాసేపు చేతులు కడుక్కుంటనే ఉన్నది.

ఒక చలికాలం ఓడల గింజలొచ్చినయి,
చిన్న సంచి.
చల్లింది. మొలిచింది. పాలు పోసుకున్నది.
తెల్లారి చూస్తే
పటాలం గుర్రం తాడు తెంపుకొచ్చి సగం మేసింది,
మిగిలింది చిలుకలు.
సార్జంటు తిట్టిండు,
గుర్రాన్ని కాదు, చిలుకలను కాదు, ఈ దేశాన్ని.
ఆమె వచ్చి పోశవ్వ వాకిట్ల కూసున్నది.
లోపల గటక ఉడుకుతున్నది.
జొన్నరవ్వ వాసనకు లేచి
ఉరికినట్టు ఇంటికి పోయి
ఈ కర్ర తెచ్చింది.

కుడిచేత్తోనే కలిపింది,
పొద్దు తిరిగే దిక్కుకే.
పోశవ్వ ఎడమకు తిప్పబోతే
చేతి మీద ఒక్కటి ఏసింది, దయ్యమొస్తదని.
నిలబడే తిన్నది,
ఉప్పేసుకొని,
చల్ల వేరే గిన్నెల ముంచుకుంట.

గత్తర వచ్చిన ఏడు సార్జంటు పోయిండు.
ఆమె మళ్ల మూట గట్టుకున్నది,
తిర్మలగిరిల ఎవరో కర్నలు ఇంట్ల జీతానికి.
కర్ర మరిచిపోయిందా, ఇచ్చిపోయిందా?
మా ఇంట్ల రెండు కథలూ ఉన్నయి.

నిన్న మా కోడలు నీలవేణి
షుగరుకు మంచిదని ఓట్సు ప్యాకెట్ తెచ్చింది.
రెండే నిమిషాలు అత్తమ్మా, అన్నది.
నేను కర్ర తీసిన.
స్పూన్ ఉన్నది గద, అన్నది.
కుడికే తిప్పిన.
చక్కెర డబ్బా జరిపి ఉప్పేసిన.

రుచా?
గటకంత లేదు.