చేతి తొడుగుల పద్దు

ప్రతి డిసెంబరులో గది తలుపు మూసి అడిగేవాడు
డెజో హల్మోష్:
"ఒడిల్, ఈ ఏటికి ఎంతయింది?"

ఉన్ని తొడుగులు, ఒక జత. బొటనవేలి దగ్గర చిరుగు.
యాభై ఏడులో మాంట్రియల్ రేవులో
బుడాపెస్ట్ నుంచి మోసుకొచ్చిన పేరు తప్ప
ఏమీ లేని కుర్రాడికి
ఎవరో కూలీ విప్పిచ్చి
మంచులోకి వెళ్ళిపోయాడు.

అసలు: ఒక డాలరు.
వడ్డీ: నూటికి మూడు, నెలనెలా,
తను జనం దగ్గర గుంజిన రేటే.
నలభయ్యో ఏట పద్నాలుగు లక్షలు దాటింది.
కాలిన పిల్లల ఆస్పత్రికి చెక్కు రాసి,
"కొట్టెయ్యకు," అన్నాడు,
"ఇచ్చింది ఇంకెవరికో కదా."

మూడు నేతమిల్లులకు తాళాలేయించిన ఉత్తరాలు
నేనే టైపు కొట్టాను.
ఒకదాంట్లో మా అమ్మ దారం చుట్టేది.
అతనికి చెప్పలేదు.
చెప్తే మాత్రం, ఏ గడిలో రాసేవాడు?

అతను పోయాక లాయర్లు ఫోన్ చేశారు,
ఆ పిచ్చిపద్దు మూసెయ్యమని.
సరేనన్నాను.
పెన్సిలు చెక్కుకుని
ఈ ఏటి వడ్డీ కూడా కట్టాను.
దాని కింద, చిన్న అక్షరాల్లో:

దారపుండ.
అసలు: ఒకటి.