బరువు కూసునే జాగ

డిక్కీ లేపంగనె
బుచ్చవ్వ ఇల్లంత తెచ్చి నా ముందల కుప్పవోసింది.
ఇసుర్రాయి, రెండు సర్వపిండి గిన్నెలు,
బియ్యప్పిండి బస్తా, తొక్కు జాడీ,
పాత చీరల మూట, మడత మంచం,
పందిరి మీద కాసిన సొరకాయలు నాలుగు.
భూపాలపల్లిల బండి వెడ్తదట,
బొగ్గుబాయి మొదటి షిఫ్టోళ్ళకు
తెల్లారకముందే సర్వపిండి కాలుస్తదట.
"అన్ని పడ్తయా బిడ్డా?"
డిక్కీల పడ్తయవ్వా,
తొవ్వల పడకుంట చూసుడే నా పని.

మా నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మిరప బస్తాల నెట్టు కడుతుంటే
తుమ్ములు ఆపుకుంట పక్కన నిలవడి చూసేదాన్ని.
కొంకితోని బస్తాను చెవి వట్టి గుంజేటోడు.
బరువును బలిమితోని మొయ్యరు బిడ్డా,
జాగతోని మోస్తరు, అనేటోడు.
ఎక్కడ కూసుంటదో బస్తానే చెప్తదట,
ఇనే చెవి ఉండాలెనట.
ఇప్పుడు నా చేతుల స్టీరింగు.
చెవి మాత్రం ఆయినదే.

పిండి బస్తాను అట్టడుగుకు,
ఎనుక సీటు ఈపుకు ఆనిచ్చి పండవెట్టిన.
గిన్నెలు ఒకదాంట్లొకటి, నడుమ పాత చీర.
లేకుంటే భూపాలపల్లి దాంక వాటి పంచాయితే ఇనాలె.
సొరకాయలు సందులల్ల ఇరికిచ్చిన,
ఖాళీ ఉన్నకాడనే దొర్లుడు మొదలైతది.
టాపు మీద మంచం. రెండు తాళ్ళు అడ్డం, ఒకటి నిలువు.
గుంజి చూస్తె కారు ఊగింది,
మంచం ఊగలె.

ఇసుర్రాయి కాడ వచ్చింది తకరారు.
"సీటు మీద నా పక్కకు వెట్టు,
మా అత్త చేతి రాయి, తోడుంటది."
అవ్వా, ఇంటికాడ అది తోడే.
బ్రేకు తొక్కినప్పుడు ఎవ్వలకు ఏం గాదు.
బండి ఆగుతది,
రాయి మాత్రం అరవై మీదనే పోతుంటది.
మీది రాయి, కింది రాయి ఇడదీసి
గొంగడిల సుట్టి
నా సీటెనుక, కాళ్ళ కాడి గుంటల దించిన.
అవ్వ పక్కకు జరిగి కూసున్నది,
నిద్రవోయిన పసిపోరన్ని చూసినట్టు చూసుకుంట.

జాడీని సీట్ల నిలవెట్టి బెల్టు వెట్టిన.
నవ్వింది. "తొక్కుకు బెల్టా!"
జాడీ వెట్టుకున్నది. నీదేదవ్వా?
జాడీ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది,
సప్పుడు జెయ్యక గుంజుకున్నది.

ములుగు రోడ్డు పంక్చర్ షాపుల
ఎనుక టైర్లకు ఇంకింత గాలి కొట్టిచ్చి కదిలిన.

పరకాల దాటినంక పొద్దుగూకింది.
పత్తి ట్రాక్టరు, ఎనుక లైటు లేదు,
చెయ్యన్న సూపక అడ్డం తిరిగింది.
బ్రేకు.
నా మెడ ఎదురుచూసింది,
ఎనుక నుంచి ఏమొచ్చి తాకుతదో అని.
ఏం రాలె.
రాయి నా సీటును ఒక్కపారి
మోకాలుతోని తట్టినట్టు తట్టి ఊకున్నది.
మీద మంచం కిర్రుమన్నది.
జాడీల నూనె ఒక ఊపు ఊగి సదురుకున్నది.
పత్తి పింజలు హెడ్‌లైట్ల ముందల
ఎటు పోవాల్నో తెల్వనట్టు తేలినయి.

చానసేపటికి అవ్వ అడిగింది,
"మీ నాయిన పేరేంది బిడ్డా?"
మొగిలి.
"మంచిగున్నడా?"
ఉన్నడు. ఇప్పుడు నీళ్ళ బిందె లేపాలన్నా
నన్నే పిలుస్తడు.
పిలిచి, ఎట్ల లేపాల్నో చెప్తడు.

వాపసు వచ్చేటప్పుడు బండి డొల్ల.
రేగొండ మలుపు కాడ డిక్కీల ఏదో దొర్లింది.
ఆపి చూస్తె సొరకాయ.
మూడే దించిన్నా?
అవ్వ మర్చిపోయిందో, ఇడిచిపెట్టిందో.
తెచ్చి పక్క సీట్ల కూసోవెట్టి
బెల్టు గుంజిన.

గూడెప్పాడు కాడ పోలీసాయన టార్చి కొట్టి
సొరకాయను చూసిండు, నన్ను చూసిండు,
మళ్ళ సొరకాయను చూసిండు.
ఏ కేసు రాయాల్నో తెల్వక
పొమ్మన్నడు.