నూటా అరవై

ఏడో నెల. ఆదోని ఆసుపత్రి బల్ల.
"ఉరుకుందమ్మా, కాళ్లు ఇట్ల పొంగినాయేం?"
అంది సలోమి సిస్టరు.
మెట్టెలు రాలేదు, సబ్బు పెట్టినా.

బొరుగుల డబ్బా అడుగున దాచిన మాత్ర,
రాత్రి తొమ్మిదికి, ఒక్కనాడూ తప్పలేదు.
నెత్తుట్లో దొంగ మీద కాపలా కాస్తా ఉంటి;
ఇంకో దొంగ పెరటి దిక్కునుంచి వచ్చినాడు
కండ్ల ముందర మిణుగురుల్ని చల్లుకుంటా.

నూటా అరవై, నూటా పది.
"దానివల్లేనా ఇదీ?" గొంతు తగ్గించి అడిగితి.
"ఏమో, పెద్ద డాక్టర్లకే తెగని లెక్క.
నీ మాత్ర మాత్రం ఆపొద్దు."

పట్టీ చేతిని పిండింది, వదిలింది.
లోపల బిడ్డ ఒక తాపు తన్నింది.
గ్లౌజుల్లేని వేళ్లు నా నాడి మీద
అట్లే ఉన్నాయి,
లెక్కపెట్టడం అయిపోయినంక కూడా.