పాటి

పర్లాకిమిడి బస్టాండులో
మా ఆయన గొంతు తెలియని డ్రైవరు లేడు.
"కాశీనగరం, గుణుపురం, గుణుపురం!
పాతపట్నం, టెక్కలి, టెక్కలి!"
మనవాళ్లని రండి రండి అని,
ఒడియావాళ్లని ఆసంతు ఆసంతు అని.
బండి కదిలితే పది, నిండి కదిలితే పదిహేను.
పందొమ్మిదేళ్లుగా
ఆ దవడే మా ఇంటి ఎద్దు.

ముందు విన్నది నేనే.
రాత్రి రెండింటికి బియ్యం డబ్బాలో
పందికొక్కు దూరినట్టు కర్, కర్.
టార్చి వేసి డబ్బా చూశాను, అటక చూశాను,
చివరికి వెలుతురు తవిటయ్య ముఖం మీద పడింది.
కళ్లు మూసుకుని, నిద్రలోనే
ఎవరినో నములుతున్నాడు.
ఎవరిని, అని లేపి అడగలేదు.

తెల్లారి చెవి పట్టుకుని లేచాడు.
అత్త వెల్లుల్లి కాచిన నూనె పోసింది.
చెవుల డాక్టరు లైటు పెట్టి చూసి
చెవి బంగారంలా ఉందన్నాడు.
అయితే పన్నేనని
మెయిన్ రోడ్డులో పీకించుకుని వచ్చాడు.
పన్ను పోయింది. నొప్పి ఉండిపోయింది.
పాపం, ఏ తప్పూ చేయని పన్ను
చీటీలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

ఆవలిస్తే టక్కు.
జంతిక కొరికితే టక్కు.
టీ కొట్టు కామేశు దిష్టి అన్నాడు.
నేను బట్టలు కుట్టేదాన్ని.
మిషను టకటకమంటే సూది మార్చను,
వంగి కీలు చూస్తాను.
ఆయన చెంప మీద చెయ్యి వేసి
"ఇంకోసారి తెరువు" అన్నాను.
చెవి ముందర, వేలికింద
ఏదో పట్టాలు తప్పి మళ్లీ ఎక్కింది.
"ఇక్కడే నీ రోగం" అంటే
"ఏటీ నేదు, పోయే" అన్నాడు.

మంగళవారం పొద్దున్న
"గుణు" దగ్గర నోరు ఆగిపోయింది.
"పురం" రాలేదు.
తెరిచిన నోరు తెరిచినట్టే, కళ్లల్లో నీళ్లు.
బస్సులో జనం
ఇదేదో కొత్త వేషమని నవ్వారు.
ఎవరో పెద్దావిడ గడ్డం కింద చెయ్యి పెట్టి
మెల్లగా నొక్కితే మూసుకుంది.

అదే బస్సుల్లో ఒకటెక్కి బరంపురం.
పెద్దాసుపత్రి, పళ్ల వార్డు, మూడో గది.
సంఘమిత్ర అట ఆవిడ పేరు,
మా చిన్నదానికన్నా రెండేళ్లు పెద్దదేమో.
రెండు వేళ్లు ఆయన చెవుల ముందు ఆనించి
"పాటి ఖోలంతు" అంది.
వాళ్ల పాటి నోరు.
మన పాటి కొలత.
నిజంగానే కొలిచింది:
"మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టండి."
రెండే పట్టాయి.
పందొమ్మిదేళ్లు ఊళ్లకి ఊళ్లు పట్టిన నోట్లో
మూడో వేలికి చోటు లేదు.

చీటీ వెనక తలుపు బందు గీసింది.
చెవి కాదు, పన్ను కాదు, ఇదీ, అంది.
ఇప్పటికి కోత అక్కర్లేదు.
వేడి గుడ్డ కాపడం. నెలరోజులు మెత్తని అన్నం.
కిళ్లీ బందు, గుట్కా అసలే బందు.
ఆవలింత వస్తే గడ్డానికి చెయ్యి ఆసరా.
రాత్రి పళ్లకి తొడుగు.
"పెదాలు కలవొచ్చు, పళ్లు కలవకూడదు."
తర్వాత పెన్ను మూసి అడిగింది
"నిద్రలో ఎవరి మీద కోపం?"

ఆయన నా వైపు చూడలేదు.
ఒడియాలో చెప్పాడు,
బస్సులకి మైకులు వస్తున్నాయని,
రికార్డు చేసిన ఆడగొంతు ఊళ్ల పేర్లు చెబుతుందని,
"చాకిరి చాలిజిబ", పని పోతుందని.
పక్క మీద పక్కనే ఉన్న నాకు
తెలుగులో రాని మాట.
కోపం వచ్చింది నాకు. తర్వాత రాలేదు.

మైకు ఇంకా రాలేదు. వస్తుంది.
ఈలోగా ఆయన తగ్గించి అరుస్తున్నాడు,
దూరం వాళ్లకి చెయ్యి ఊపుతున్నాడు.
నిన్నటికి రెండున్నర వేళ్లు.

మొన్న రాత్రి మళ్లీ కర్, కర్.
గుండె జారింది. టార్చి వేశాను.
ఆయన నోరు వదులుగా, పసివాడిలా.
బియ్యం డబ్బా పక్కన
ఈసారి నిజంగా పందికొక్కే.
చీపురు తిరగేసి తరిమాను గానీ
దానికి తెలియదు,
దాన్ని చూసి నేనెంత సంతోషించానో.